చీము పట్టని గాయం

గురువారం, మార్చి పద్నాలుగు. ఉదయం పదిన్నర.

బుచ్చమ్మను లాకప్‌లో వేసి పదిహేడున్నర గంటలైంది. సాయంత్రం అయిదులోగా ఆమెను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అక్కడి నుంచి జైలుకే. డెబ్భై దాటిన మనిషి, అస్తమా. వెళ్ళాక తిరిగి వస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు.

మైథిలి ఊచల ఇవతల గచ్చు మీదే కూర్చుని నోట్‌బుక్ తెరిచింది.

నాలుగేళ్ళ కిందటి వరకు ఆమె పోలీసు శాఖ ప్రయోగశాలలో సైంటిఫిక్ అసిస్టెంటు. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. పెళ్ళికొడుకుల గుణగణాలు ఆరా తీసే పనులే ఎక్కువ. ఈ కేసు మాత్రం పొద్దున ఏడింటికి తలుపు తట్టి వచ్చింది. తెచ్చింది చనిపోయిన పసివాడి తల్లి గీతాంజలి. ఛత్రినాకలో పాడి మీద బతికే ఇల్లు. ఆమె కొడుకు పింటూ, పదకొండు నెలలవాడు, మంగళవారం తెల్లవారుజామున పెద్ద దవాఖానలో పోయాడు. రక్తమంతా విషమైందని డాక్టర్లు రాశారు. మంత్రసాని బుచ్చమ్మ పసరు రాసి చంపిందని బిడ్డ తండ్రి కొండల్ బుధవారం ఫిర్యాదు ఇచ్చాడు. తండ్రి పట్టించిన మనిషిని విడిపించమని తల్లి వచ్చింది.

"ఆ పుండు ఎలా ఉండేదో చెప్పండి బుచ్చమ్మా."

"ఏం చెప్పాలె బిడ్డా," అంది బుచ్చమ్మ, ఊపిరి కూడదీసుకుని. "పోరనికి బొడ్డు ఊడనీకే నెల దాటింది. అందరికీ వారం, పది దినాలు. ఊడినంక ఆడ పుండయింది. అది మానలే. మళ్ళ తొడ సందుల ఇంకోటి. పసుపు వెట్టిన, యాపాకు నూరి వెట్టిన. నలభై ఏండ్ల సంది పురుళ్ళు వోస్తున్న. గసుంటి పుండు ఎన్నడు సూడలే."

"గసుంటిది అంటే ఏంటి తేడా?"

"సీము పట్టదు. పుండన్నంక సీము పట్టాలె, పగలాలె, కారాలె. గప్పుడే మానుతది. ఈనిది ఎర్రగ, సాఫ్‌గ, కడిగిన పళ్ళెం లెక్క ఉంటుండె. నోరు తెర్సుకొని అట్లనే ఉంటుండె. నాకు బుగులైంది. దవాఖానకు తీస్కపోరా అని కొండల్‌కు ఎన్నిసార్లు చెప్పిన్నో."

మైథిలి పెన్ను ఆగింది. చీమంటే ఏమిటో ఆమెకు ప్రయోగశాల నేర్పింది. క్రిముల మీదికి పరుగెత్తి, పోరాడి చచ్చిన తెల్లకణాల కుప్ప. చీము లేదంటే రెండే కారణాలు. క్రిములన్నా ఉండకూడదు, లేదా తెల్లకణాలన్నా అక్కడికి చేరకపోయి ఉండాలి. క్రిములు ఉన్నాయి. బిడ్డను చంపినవే అవి.

"చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారు వాణ్ణి?"

"శుక్రారం. సోమారం ముట్టుకున్ననని కొండల్ రాయించిండంట. సోమారం నేను దగ్గుతోని మంచంల ఉన్న. శనారం ఎవరో డాక్టర్ సారు వచ్చి, కార్ల తీస్కపోయి రక్తం తీయించిండు. పిల్లగాని చెయ్యి ఉబ్బింది. గంత పసిగుడ్డు కాడ గంత రక్తం ఎట్ల తీస్తరే అని గీతతోని లొల్లి వెట్టుకున్న."

"ఏ డాక్టరు?"

"పేరెరుక లేదు బిడ్డా. కార్ల వస్తడు. చెప్పులు గూడ ఇడ్వడు."

వెనక బూట్ల చప్పుడు ఆగింది. ఇన్‌స్పెక్టర్ సోమశేఖర్. చేతిలో ఫైలు, నోట్లో వక్క.

"మేడమ్ కింద కూసున్నరు. కుర్చీ ఎయ్యనీకి ఒక్కడు లేడా ఈడ?" అన్నాడు కానిస్టేబుల్ వైపు చూడకుండానే. "ఏంది మేడమ్, ముసలమ్మకేమన్న సంబంధం తెచ్చిండ్రా?"

మైథిలి లేచి చీర దులుపుకుంది. "జ్వరం ఎప్పుడు వచ్చింది ఇన్‌స్పెక్టర్? దవాఖాన చీటీ మీ ఫైల్లోనే ఉంటుంది, చూడండి."

ఆయన చూడలేదు.

"ఆదివారం రాత్రి తొమ్మిదికి. మీ ఫిర్యాదులో పసరు రాసింది సోమవారం పొద్దున తొమ్మిదికి. పన్నెండు గంటల తర్వాత రాసిన పసరు అంతకుముందే జ్వరం ఎలా తెప్పించింది?"

"తండ్రి చెప్పిండు, రాసుకున్న. ఆమె గూడ ఒప్పుకున్నది."

"ఏమని?"

"ఆకు పసరు పెట్టిన అని."

"అది దాచిందెప్పుడు? అడక్కముందే చెప్పింది. నలభై ఏళ్ళుగా అదే పని చేస్తోంది."

సోమశేఖర్ వక్కను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు. "బస్తీల ఏమంటున్నరో ఎరుకనా మీకు? చేతబడి అంటున్నరు. నిన్న సగం పెంకులు వలగ్గొట్టిండ్రు దాని ఇంటివి. నేను తీస్కరాకుంటే మనిషినే కొడ్తుండిరి. దాని పాణం కాపాడిన నేను. మీరేమో ఒక్క మరక కోసం నౌకరి పోగొట్టుకున్న మనిషి, మీకేం చెప్పాలె."

తొంభై ఎనిమిదిలో ఈ లాకప్‌లోనే ఒక రిక్షా కార్మికుడు చచ్చాడు. అతని చొక్కా మీద రక్తం లేదని రాయమని ప్రయోగశాలకు వచ్చినవాడు సోమశేఖరే. మైథిలి రాయలేదు. ఆమె పైఅధికారి రాశాడు. ఆ సాయంత్రమే ఆమె రాజీనామా ఇచ్చింది. ఆ పైఅధికారికి ఆర్నెల్లలో ప్రమోషన్ వచ్చింది.

"ఆ మరక ఇంకా నాకు గుర్తుంది," అంది మైథిలి. "ఎడమ కాలరు కింద. ఈమె చీర మీద కూడా అలాంటిది పడకుండా చూసుకోండి."

"నాలుగున్నరకు జీప్ కదుల్తది," అన్నాడు సోమశేఖర్. "గంతే."

*

పదకొండూ ఇరవై. ఛత్రినాక.

ఒకే గది, ముందు వసారా, వెనక అయిదు బర్రెలు. ఉయ్యాల చీర విప్పేశారు గాని దూలానికి తాడు అలాగే ఉంది. గీతాంజలి దాన్ని చూడకుండా గోడవైపు తిరిగి నిలబడింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం.

"మీ ఆయన?"

"పాలు వొయ్యవోయిండు. రెండింటికి ఠాణాకు పోతడంట, సంతకం ఉన్నదని."

మైథిలి గది మూలల నుంచి మొదలుపెట్టింది. మంచం కింద, పొయ్యి పక్క, బట్టల మూట. పసరు నూరిన రాయి శుభ్రంగా ఎండి ఉంది. చెక్క అలమరలో మందు సీసా. తెల్లటి సిరప్, క్రిములను చంపేది. లేబుల్ మీద ఫిబ్రవరి ఇరవై అయిదు. మెడ దగ్గర రెండు వేళ్ళ మందం మాత్రమే తగ్గింది. రోజుకు రెండు చెంచాల లెక్కన ఇది ఈపాటికి ఖాళీ కావాలి.

సీసా పక్కన, గోడ మీద, బొగ్గుతో గీసిన గీతలు.

జంటలు జంటలుగా ఉన్నాయి. వరుస నిండాక కింద ఇంకో వరుస. మధ్య మధ్య పసుపు చుక్కలు. మైథిలి వంగి చూసింది, తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. అలమర పక్క నుంచి దాదాపు కిటికీ దాకా ఉన్నాయి. ఒక్క జంట కూడా తప్పలేదు.

"ఇవి ఎవరు గీశారు?"

"నేనే అక్కా. నాకు సదువు రాదు. పొద్దుగాల మందేస్తే ఒక గీత, మాపటీలి ఏస్తే ఒక గీత. మర్షిపోతనని భయం. ఎండాకాలంల పెద్ద దవాఖాన డాక్టరమ్మ చెప్పింది, ఏం జబ్బో తెల్వది గని ఈ మందు రోజూ ఎయ్యాలె, ఒక్కపూట ఆపొద్దు అని."

"ఈ చుక్కలు?"

"పున్నానికో చుక్క."

చివరి పసుపు చుక్క పక్కన ఒక జంట ఉంది. ఆ తర్వాత ఉత్త సున్నపు గోడ. మైథిలి తన డైరీలో పౌర్ణమి తేదీ చూసింది. ఫిబ్రవరి ఇరవై ఏడు. అంటే ఇరవై ఎనిమిదో తారీఖు నుంచి ఒక్క చెంచా కూడా పడలేదు. బిడ్డ పోయింది మార్చి పన్నెండు తెల్లవారుజామున. మధ్యలో పన్నెండు పగళ్ళు.

తొమ్మిది నెలలు ఒక్కపూట తప్పని చెయ్యి ఊరికే ఆగదు.

"ఎవరు ఆపమన్నారు గీతా?"

"రక్తం తీసే సారు. మా ఆయనకు చెప్పిండు. మందు రక్తంల ఉంటే పరీక్ష సక్కగ రాదంట. పది దినాలు ఆపి ఇస్తే అసలు జబ్బేందో తెలుస్తది, మంచి మందిస్తమన్నడు. కాయితం మీద మా ఆయన సంతకం వెట్టిండు."

"శనివారం రక్తం తీసుకున్నాక మళ్ళీ వేయమని చెప్పలేదా?"

"అడిగిన. ఫోన్ చేసి చెప్తమన్నరు." ఆమె చీర కొంగును రెండు చేతులతో మెలిపెట్టింది. "సీసా ఆడనే ఉన్నది అక్కా. చేతికందేటట్టు. పిల్లగాడు ఆదివారం రాత్రి కాగిపోతుంటే గూడ నేను సీసా దిక్కు చూసిన గని ముట్టలే. ఫోన్ రాలేదు గదా అని. నేనే ఆపిన. నా చేతుల్తోనే."

మైథిలి గోడను, సీసాను ఫోటోలు తీసుకుంది. "ఆ సారు పేరు ఎక్కడైనా రాసి ఉందా?"

అద్దం వెనక ఒక కార్డు ఉంది. డాక్టర్ శ్రీవత్స. కింద చాంద్రాయణగుట్ట రోడ్డులో ఒక ప్రైవేటు పరిశోధనా కేంద్రం చిరునామా.

"మధ్యాహ్నం మీరూ ఠాణాకు రండి," అంది మైథిలి గుమ్మం దగ్గర.

"వస్త. ముసలామెకు బువ్వ తేవాలె గదా," అంది గీతాంజలి.

*

పన్నెండూ నలభై. రెండో అంతస్తు, ఏసీ గది.

శ్రీవత్సకు నలభై అయిదేళ్ళుంటాయి. మైథిలి నోరు తెరవగానే ఆయన ముఖం విప్పారింది. "మీరు ఇక్కడివాళ్ళు కాదనుకుంటానే. ఏ ఊరండీ మనది?"

"ఏలూరు దగ్గర. నాన్నగారు సచివాలయంలో చేసేవారు. నేనూ ప్రయోగశాలలో పనిచేసినదాన్నే."

"అయితే మీకు చెబితే అర్థమవుతుంది," అంటూ ఆయన కుర్చీ లాగి వేశాడు. సొంత మనిషి దొరికినట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. మైథిలి అడ్డుపడలేదు. ఎదుటివాడు తనను తనవాడనుకున్నంతసేపే నిజం చెబుతాడని ఆమెకు తెలుసు.

"ఒంట్లో క్రిమి దూరిందనుకోండి. తెల్లకణం దాని జాడ పట్టి పాకుతూ వెళ్ళాలి. పాకాలంటే ముందుకు కాలు చాపాలి కదా. ఆ కాలు చాపమని లోపల చెప్పేది ఒక బుల్లి ప్రొటీన్. రాక్ టూ అంటాం. అచ్చం స్విచ్ లాంటిది. దానికి జీటీపీ అనే అణువు తగులుకుంటే ఆన్. ఆ జీటీపీ విరిగి జీడీపీ అయితే ఆఫ్. ఆన్‌లో ఉన్నప్పుడు కణం అంచున సన్నటి పోగులు అల్లుకుంటాయి, కాలు ముందుకొస్తుంది. దీనికి అన్నదమ్ముల్లాంటివి ఇంకా ఉన్నాయి. ఒకటి ఎటు వెళ్ళాలో చూస్తుంది. ఒకటి వెనక మడమను ఈడ్చుకొస్తుంది. ఇవన్నీ వంతులవారీగా వెలిగి ఆరితేనే కణానికి నడక."

"పింటూలో ఏమైంది?"

"ఎవరు?"

"ఛత్రినాక పిల్లవాడు."

"ఓ. పి-వన్." ఆయన తలాడించాడు. "ప్రొటీన్లో యాభై ఏడో స్థానంలో ఒక్క మార్పు. స్విచ్ ఆఫ్‌లో బిగుసుకుపోయింది. అదొక్కటే చెడితే సగం బాధ. తల్లి వైపు నుంచి వచ్చిన మంచి స్విచ్ ఉందిగా. కానీ ఈ చెడ్డది ఆన్ చెయ్యడానికి వచ్చిన ప్రొటీన్‌ను పట్టుకుని వదలదు. దాంతో మంచిదాన్ని వెలిగించే చెయ్యి కూడా ఖాళీగా ఉండదు. కణం బతికే ఉంటుంది. క్రిమి ఎక్కడుందో దానికి తెలుస్తుంది. కదల్లేదు."

"అందుకే చీము పట్టలేదు."

"భలే చెప్పారు. రెండేళ్ళ కిందట అమెరికాలో ఒక్క బిడ్డలో చూశారు. ఆ తర్వాత మనదే."

"ఆ బిడ్డ ఏమయ్యాడు?"

"ఎముక మూలుగ మార్చారు. బతికాడు."

"మీకు పింటూ జబ్బు ఎప్పుడు తెలిసింది?"

"నవంబరులో."

"వాళ్ళ అమ్మకు ఎప్పుడు చెప్పారు?"

శ్రీవత్స కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెబితే వాళ్ళకు అర్థమవుతుందంటారా?"

"మందు ఆపమంటే అర్థమైందిగా."

ఆయన గొంతు తగ్గించాడు. "చూడండి, మీరు చదువుకున్నవారు. ఈ కేసు మీద వ్యాసం పంపితే పత్రిక సమీక్షకులు అభ్యంతరం చెప్పారు. రోజూ మందు పడుతున్న బిడ్డ కదా, మందు వల్లే కణాలు కదలడం లేదేమో, మందు లేకుండా చూపించండి అన్నారు. నేనేం చెయ్యను? తండ్రి సంతకం ఉంది. పది రోజులే అన్నాను. ఆ ముసలామె ఏవో ఆకులు పెట్టింది, పుండు చెడింది. కావాలంటే ఇది చూడండి, మీకే తెలుస్తుంది."

ఆయన కంప్యూటర్ తెరిచాడు. తెర మీద బూడిదరంగు మైదానం, అందులో గుండ్రటి కణాలు. కుడి అంచున, కణాలను అటు లాగేందుకు, క్రిముల నుంచి తీసిన పదార్థం పెట్టామన్నాడు. నలభై నిమిషాల సినిమా ఒక్క నిమిషంలో నడిచింది. ఏ కణమూ కదల్లేదు. ఉన్నచోటే అంచులు వణికించుకుంటూ, కాలు చాపబోయి చాపలేక, అలాగే ఉండిపోయాయి.

"ఇవి బతికున్నవేనా?" అంది మైథిలి.

"వణుకుతున్నాయి కదండీ. చచ్చినవైతే వణకవు."

"ఒంట్లోంచి బయటికి తీశాక తెల్లకణం ఎంతసేపు ఉంటుంది డాక్టరుగారూ? మా ల్యాబులో అయిదారు గంటలు అనేవాళ్ళు."

"అంతే. మహా అయితే ఒక రోజు."

మైథిలి తెర కింది మూల వేలు పెట్టింది. అక్కడ చిన్న అంకెలు. మార్చి పదమూడు, మధ్యాహ్నం మూడూ పది.

"పింటూ రక్తం తీసింది తొమ్మిదిన. వాడు పోయింది పన్నెండున. ఇది నిన్న మధ్యాహ్నం. ఇవి ఎవరి కణాలు?"

శ్రీవత్స చేయి మౌస్ మీదే ఆగిపోయింది. "కంప్యూటర్ గడియారం సరిగ్గా లేదు."

"ఇప్పుడు ఒంటిగంటా పాతిక. గోడ గడియారం అదే చెబుతోంది, మీ కంప్యూటరూ అదే చెబుతోంది. తేదీ కూడా పద్నాలుగే ఉంది."

"పోలిక కోసం వేరేవాళ్ళవి తీస్తాం. ఆరోగ్యవంతులవి."

"ఆరోగ్యవంతులవైతే పాకేవి."

ఆయన తెర ఆపేశాడు. ఏలూరు, సొంత మనిషి, అన్నీ ఆ ముఖం మీద నుంచి ఒక్కసారే పోయాయి. "మీరు ఎవరి తరఫున వచ్చారో నాకు తెలీదు. దయచేసి బయటికి వెళ్ళండి."

మెట్లు దిగుతుంటే కింది మలుపులో ఒక ఆవిడ ఎదురైంది. తెల్ల కోటు, నడివయసు. కోటు మీద సుశీల అని పేరు. పైన మాటలు విని కిందికొచ్చానంది, శనివారం పింటూ చేతికి సూది గుచ్చింది తనేనని చెప్పింది.

"ఇంకో పాప ఉందమ్మా. నాలుగు నెలలు. పి-టూ అంటారు. ఆమెకు ఆరో తారీఖు నుంచి మందు ఆపించారు. నిన్న కొంచెం రక్తం తీసి చూశారు. ఎల్లుండి ఎక్కువ తీయాలి, అప్పటిదాకా మందు వేయొద్దన్నారు. నిన్ననే నేను అడిగా, ఒక బాబు పోయాడు కదా సార్ అని. నీ పని నువ్వు చూసుకో అన్నారు."

"ఎక్కడుంటారు వాళ్ళు?"

"తెలీదు. సారే కార్లో తీసుకొస్తారు. పేర్లు రాయరు. ఒక్కటి మాత్రం నాకు తెలుసు." సుశీల పైకి ఒకసారి చూసింది. "ఇద్దరు పిల్లల్లో తప్పు ఒకటే, ఒకే చోట. ఇద్దరు తల్లుల రక్తంలోనూ లేదు. తండ్రి రక్తంలో కొద్ది కణాల్లోనే ఉంది, అందుకే అతనికి జబ్బు లేదు. రెండు కాగితాల మీదా తండ్రి సంతకం ఒకటే."

*

రెండూ ఇరవై అయిదు. ఠాణా.

కొండల్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళ మనిషి, ముంజేతులకు ఎండిన పాల చారలు. సోమశేఖర్ బల్ల మీద కాగితాలు సర్దుతున్నాడు. గోడవారన గీతాంజలి టిఫిన్ డబ్బా మూత తీసి ఊచల సందులోంచి బుచ్చమ్మకు ముద్దలు అందిస్తోంది.

మైథిలి వచ్చింది వచ్చినట్టే కొండల్ ఎదురుగా నిలబడింది.

"నాలుగు నెలల పాప ఎక్కడుంది?"

కొండల్ తలెత్తలేదు.

"మేడమ్, నా ఠాణాల మీరు ఎవర్ని అడుగుతున్నరు, ఏం అడుగుతున్నరు?" అన్నాడు సోమశేఖర్.

"ఇతనికి ఇంకో బిడ్డ ఉంది. పింటూ జబ్బే ఆ పాపకూ ఉంది. రోజూ మందు పడితేనే బతికే పిల్లలు. పింటూకు పన్నెండు రోజులు మందు ఆపించారు, పోయాడు. గోడ మీద లెక్క ఉంది, సీసా ఉంది. ఆపమన్న డాక్టరు నాతోనే ఒప్పుకున్నాడు. పాపకు ఆపి ఇవ్వాళ్టికి ఎనిమిది రోజులు. మీరు ఈ ముసలామె సంతకాల దగ్గర కూర్చోండి, పర్లేదు. రెండో బిడ్డ పోయాక మళ్ళీ ఏ ముసలామెను పట్టుకొస్తారో చూస్తాను."

గీతాంజలి చేతిలో ముద్ద అలాగే ఉంది.

సోమశేఖర్ కొండల్ వైపు తిరిగాడు. "ఏందిరా?"

"సారు చెప్పిండు," అన్నాడు కొండల్, నేల చూపులతో. "పసరుతోనే గిట్లయింది, పోలీసులకు రాసియ్యి అన్నడు. సంతకం వెట్టినోనివి నువ్వే, లేకుంటే నీ మీదికే వస్తది అన్నడు."

"అది కాదురా, పిల్ల ఏడున్నది?"

ఎడమ పక్కన గోడవారన ఎవరున్నారో తెలిసి కొండల్ అటు చూడలేకపోయాడు.

"యాకుత్‌పురా," అంది గీతాంజలి.

ముద్దను డబ్బాలో పెట్టి, మూత వేసి, కొంగుకు చెయ్యి తుడుచుకుంది. "రైలు స్టేషన్ అవుతల, బొగ్గు అడితి పక్కపొంటి సందు. నీలం తలుపు. పొద్దుగాల సగం పాలు అటే పోతయి. రెండేండ్ల సంది ఎరుకనే."

"గీతా," అన్నాడు కొండల్.

"నువ్వు మాట్లాడకు." ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు ఆడికి పోతున్నవని నాకు ఎరుక. పిల్ల పుట్టిందని గూడ ఎరుక. ఆ పిల్లకు గూడ నా పిల్లగాని లెక్కనే ఉన్నదని నాకెందుకు చెప్పలే? చెప్తే మందు ఏసుకోమని నేనే పోయి చెప్తుంటి గదా."

సోమశేఖర్ టోపీ తీసుకున్నాడు. ముఖంలో పశ్చాత్తాపం లాంటిది ఏదీ లేదు. లెక్క మాత్రం ఉంది. ఎరుక అయినాక రెండో పిల్ల పోతే ఫైలు తన పేరు మీదే తెరుస్తారు.

"ముసలమ్మను బయట బెంచీ మీద కూసోబెట్టు," అన్నాడు కానిస్టేబుల్‌తో. "చాయ్ ఇప్పియ్యి. జీప్ తియ్యమను."

"నాలుగున్నరకు కదా జీపు?" అంది మైథిలి.

ఆయన తలుపు దగ్గర ఆమె ముందు నడిచేందుకు పక్కకు కూడా తప్పుకోలేదు. క్షమాపణ ఎవరికీ దొరకలేదు.

*

మూడూ ఐదు. యాకుత్‌పురా.

జీపు సందులోకి దూరలేదు. గీతాంజలే ముందు నడిచింది. దారి ఎవరినీ అడగలేదు. ఎన్నిసార్లు వచ్చి, తలుపు తట్టకుండా వెనక్కి వెళ్ళిందో మైథిలి అడగలేదు.

నీలం తలుపు ఓరగా తీసి ఉంది. లోపల చాప మీద ఇరవై ఏళ్ళు దాటని అమ్మాయి, ఒళ్ళో పసిపిల్ల. ఖాకీ బట్టలు చూసి లేవబోయి, పిల్ల కోసం ఆగిపోయింది.

"నీ పేరేంటమ్మా?" అంది మైథిలి.

"లలిత. మా ఆయనకేమైంది?"

"ఆయనకేం కాలేదు. పాపకు జ్వరం ఉందా?"

"పొద్దుగాల సంది ఉన్నది. పాలు గుంజుతలేదు." లలిత ఒక్కొక్కరి ముఖమూ చూసింది. ఆ చూపు గీతాంజలి మీద ఒక్క క్షణం ఆగి పక్కకు పోయింది. ఆమెను ఎన్నడూ చూసినట్టు లేదు. "మందెయ్యాల్నా అని సారును అడిగిన. ఇప్పుడే, రెండింటికి, కింద కొట్టుకు ఫోన్ చేసిండు. ఎయ్యొద్దన్నడు. మాపటీలి ఆరింటికి కారు పంపుతడంట, ఈ ఒక్క పూట ఓర్సుకో అన్నడు. ఎవరన్న వచ్చి అడిగితే పిల్ల ఊర్ల ఉన్నదని చెప్పుమన్నడు."

రెండింటికి. మైథిలి ఆ గది నుంచి బయటికి వచ్చిన ఇరవై నిమిషాలకు. వణికే కణాల ముందు కూర్చుని, పోలీసులు వస్తారని తెలిసి కూడా, ఆయన ఫోన్ తీసి ఈ మాట చెప్పాడు. ఇంతవరకు ఇది నిర్లక్ష్యమని కోర్టులో అనగలిగేవారు. ఇక అనలేరు. సోమశేఖర్ జేబులోంచి పెన్ను తీసి, మొదటిసారి అడక్కుండానే టైము రాసుకున్నాడు.

"జ్వరం ఉంది కదా, ఆయన మాట ఎలా నమ్మావు లలితా?" అంది మైథిలి.

"మొన్న గూడ అడిగిన. నీ పిల్లకంటే ముందు ఇంకొక పిల్లగానికి గిట్లనే మందు ఆపినం, జరం వచ్చింది, దానంతటదే పోయింది, పుండ్లు గూడ మానినయి, ఇప్పుడు ఆ పిల్లగాడు మస్తుగ ఆడుకుంటున్నడు అన్నడు. ఆయన పెద్ద డాక్టరు గదా. గందుకే ఊకున్న."

స్టేషన్లో రైలు ఆగిన చప్పుడు వినబడింది.

గీతాంజలి చాప మీద కూర్చుంది. పిల్ల నుదుటి మీద కాదు, మెడ వెనక చెయ్యి పెట్టి చూసింది. చూసి, రెండు చేతులూ చాపింది.

"ఇటియ్యి పిల్లను. దవాఖానకు పోదాం, జీపున్నది."

లలిత పిల్లను గుండెకు అదుముకుంది. "నువ్వెవరక్కా?"

"ఆ పిల్లగాని తల్లిని," అంది గీతాంజలి. "మంగళారం నాడు మట్టి వెట్టి వచ్చినం."